లిఫ్టు ఆగిపోవడానికి గల కారణాలు

"‘లిఫ్టుకి మనసుంటుంది’ అని ఎవరు చెప్పారు?" టీచరు నా కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అడిగింది.

"నేనేనండి."

"మీరెవరు?"

"లిఫ్టు మెకానిక్‌నండి."

"వివరణ వ్యాసంలో మీరు ఉండకూడదు. మీకేమనిపించిందో ఎవరికీ అక్కర్లేదు. ఏం చెప్పబోతున్నారో మొదటి పేరాలో చెప్పాలి. ప్రతి మాటకీ ఆధారం చూపించాలి. ముగింపులో కొత్త విషయం తేకూడదు. కూర్చోండి."

కూర్చున్నాను. కూర్చుంటూనే ప్రేమలో పడ్డాను. దీనికి ఆధారం అడిగితే నా దగ్గర లేదు.

సూపర్‌వైజర్ని కావాలంటే ఈ సాయంత్రం క్లాసు సర్టిఫికెట్ తెమ్మంది మా కంపెనీ. నా వ్యాసం పేరు ‘లిఫ్టు ఆగిపోవడానికి గల కారణాలు’. వారం వారం తిరగరాశాను. మొదటి పేరా మాత్రం మారలేదు: ఏ లిఫ్టయినా ఏదో ఒక కారణంతో ఆగుతుంది, ఒక్క నాలుగంతస్తుల భవనంలో మాత్రం ప్రతి ఆదివారం కారణం లేకుండా ఆగుతోంది.

క్లాసు మొదలైన వారం నుంచీ ఇదే గోల. పదకొండు సార్లు వెళ్ళాను. తలుపుకి ‘పనిచేయదు’ అని అట్ట వేలాడుతుంది, లోపల లిఫ్టు భేషుగ్గా ఉంటుంది. మెట్ల మీద ఒక పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని నన్ను తిడుతుంటాడు.

రెండో పేరా మోటారుతో మొదలుపెట్టినా మూడో వాక్యానికల్లా టీచరు కళ్ళజోడు వచ్చేసేది. ‘అంశం తప్పింది’ అని ఎర్ర సిరాతో రాసి వెనక్కిచ్చేది.

చివరి క్లాసులో తెగించాను. ‘నేను మిమ్మల్ని ప్రేమిస్తున్నాను’ అని ఒకే వాక్యం రాసిచ్చాను.

ఆవిడ తలెత్తలేదు. "చెప్పదల్చుకున్నది స్పష్టంగానే ఉంది. ఆధారాలు?"

"నా మాటేనండి."

"చెల్లదు. మూడో మనిషి సాక్ష్యం కావాలి. క్లాసు అయ్యేలోపు తెస్తే దిద్దుతాను."

ఫోన్ చేస్తే మా అమ్మ పరుగున వచ్చింది. "క్లాసున్న రోజుల్లో వీడు రెండు కాళ్ళకీ ఒకే రంగు సాక్సులు వేసుకుంటున్నాడమ్మా. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చూడలేదు."

టీచరు రాసుకుంది. "ఇంకా?"

"నిద్రలో ‘ముగింపు, ముగింపు’ అని కలవరిస్తున్నాడు. మొన్న భయపడి డాక్టర్ని పిలిచాను."

పరీక్షకి వస్తుందేమోనని మిగతావాళ్ళూ నోట్సు రాసుకున్నారు.

"ఆధారాలు సరిపోయాయి. ముగింపేది?"

"అది మీరే చెప్పాలండి."

సర్టిఫికెట్ పోతే పోయింది, ఆవిడ కాదంటే రేపటి సాయంత్రం ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

ఆవిడ సంచీలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది. ఆ నాలుగంతస్తుల భవనం ఫిర్యాదుల పుస్తకం. పదకొండు ఆదివారాలు, పదకొండు ఫిర్యాదులు, అన్నీ ఎర్ర సిరాతోనే. ఒక్కదానికీ ఆధారం లేదు.

"పైనుంచి చూస్తుండేదాన్ని," అంది మెల్లగా. "కిందికి దిగడానికే ధైర్యం చాల్లేదు."

"ముగింపులో కొత్త విషయం రాకూడదన్నారు కదండీ?"

"కొత్తదేముంది? మీ మొదటి పేరాలోనే ఉంది."

గుమ్మం దగ్గర ఎవరో మూలిగారు. చూస్తే మెట్ల మీది పెద్దాయన. కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడట. పుస్తకం వంక చూశాడు, కూతురి వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు.

"బాబూ, పెళ్ళి మీ ఇష్టం వచ్చినప్పుడు చేసుకోండి," అన్నాడు మోకాళ్ళు రుద్దుకుంటూ. "కాపురం మాత్రం గ్రౌండ్ ఫ్లోర్లో పెట్టండి."