హోమ్ విడిగా ఉండాలి

ఆదివారం పొద్దున్నే రాఘవమ్మ వసారాలో కూర్చుని మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతోంది. కళ్లు కాయల మీదున్నా చెవులు ముందుగదిలో ఉన్నాయి. వారం రోజులుగా చిన్నకోడలు శ్రీదివ్య పేరున అట్టపెట్టెలు దిగుతున్నాయి. ఒకదాంట్లో బోర్డట, ఒకదాంట్లో ఫ్యాన్లట. ఆటలాడుకునే కంప్యూటర్‌ని సొంతంగా బిగించుకుంటున్నామని చిన్నకొడుకు కోటేష్ చెప్పాడు. పెళ్లయి రెండేళ్లయిన పిల్లకి ఆటలేమిటి? ఫ్యాన్లు కొత్త కాపురానికి కాక మరి దేనికని ఆమె భయం.

లోపల్నుంచి శ్రీదివ్య గొంతు వినబడింది.

"పార్టిషన్ ఇవాళే చేసేద్దామండీ. హోమ్ మాత్రం విడిగా ఉండాలి."

"అంత అవసరమా? అంతా ఒకటిగా ఉంచుకుంటే పోదూ?" కోటేష్ నసిగాడు.

"మా అన్నయ్య అలాగే కలిపి ఉంచి అన్నీ పోగొట్టుకున్నాడు. పెద్ద భాగం హోమ్‌కే రావాలి."

రాఘవమ్మ చేతిలో చాట ఒరిగిపోయింది.

పార్టిషన్ అన్న మాట ఆమెకు కొత్త కాదు. బడి మొహం చూడని ఆమె వారపత్రికలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం భర్త తెచ్చిన కాగితాల మీద ఆ మాట చదివి అర్థమడిగింది. "అన్నయ్య వాళ్లూ మనమూ వేరుపడ్డాం" అన్నాడాయన. పదకొండేళ్లు ఒకే పొయ్యి దగ్గర వండిన తోడికోడలు వెంకటరావమ్మ వారం తిరక్కుండా గోడకవతలి మనిషైపోయింది.

రాఘవమ్మ ఫోన్ తీసి చేలో ఉన్న పెద్దకొడుక్కి చేసింది. "బ్రహ్మయ్యా, నీ తమ్ముడు పంపకాలు పెట్టాడు. ఉన్నపళాన రా."

పావుగంటలో బ్రహ్మయ్య బండి వాకిట్లో ఆగింది. చెప్పులతోనే ముందుగదిలోకి దూసుకొచ్చాడు.

"ఏరా! నేనూ మీ వదినా కోతల్లో చస్తుంటే నీకు పంపకాలు కావాల్సొచ్చాయా? ఆ మాటేదో నా మొహం మీద చెప్పలేవూ?"

కోటేష్ స్క్రూడ్రైవర్ పట్టుకునే లేచాడు. "పంపకాలేంటి అన్నయ్యా?"

"నేను వినలేదనుకున్నావా?" రాఘవమ్మ గడప దాకా వచ్చింది. "నీ పెళ్లాం పార్టిషన్ అంది. ఇల్లు విడిగా ఉండాలంది. పెద్ద భాగం కావాలంది!"

శ్రీదివ్య ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వేసింది. "అయ్యో అత్తయ్యా! పార్టిషన్ మనకి కాదు, డిస్కుకి!"

"డిస్కేంటి?"

"ఇదిగో, ఈ ముక్క. కంప్యూటర్‌ని నడిపే లైనక్స్‌ని దీన్లో ఒక భాగంలో వేస్తాం. నా ఆటలూ మన ఫొటోలూ ఇంకో భాగంలో దాచుకుంటాం. దాని పేరే హోమ్. రేపు లైనక్స్ పాడైతే దాన్ని మాత్రం తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు. హోమ్‌లోవి ఎక్కడికీ పోవు."

బ్రహ్మయ్య తల పట్టుకున్నాడు. "దీనికా అమ్మా కోత మధ్యలో పరిగెత్తించావు!" అంటూ పక్కనున్న అట్టపెట్టె మీద కూలబడబోయాడు.

"బావగారూ! అది గ్రాఫిక్స్ కార్డు!"

"ఖాళీ పెట్టె కాదా?"

"కాదు!"

నిప్పు తొక్కినవాడిలా లేచాడు. ముగ్గురూ నవ్వారు. రాఘవమ్మ నవ్వలేదు.

"అయితే మీరెక్కడికీ వెళ్లరుగా?"

నవ్వులాగిపోయాయి. కోటేష్ తల దించుకున్నాడు. శ్రీదివ్యే చెప్పింది.

"వెళ్తున్నాం అత్తయ్యా. పేటలో, మిల్లు దగ్గరే, అద్దెకి ఒక పోర్షన్ చూశాం. మిల్లులో ఈయన షిఫ్టులు మారాయి. వేళకాని వేళ హైవే మీద లారీల మధ్య బండేసుకొస్తుంటే ఇల్లు చేరేదాకా నా ప్రాణం నాలో ఉండట్లేదు. ఈ పార్టులన్నీ బాగున్నాయో లేదో ఇక్కడే బిగించి చూసుకుని తీసుకెళ్దామనుకున్నాం. నెల్నుంచీ చెబుదామనే. మీరు ఏడుస్తారని..."

"ఏడుస్తాను. ఏడవనా మరి?" రాఘవమ్మ గడప మీదే కూర్చుండిపోయింది. "చెబితే ఏడుస్తాను, అంతే. చెప్పకపోతే ఏమవుతుందో మీకు తెలీదు. వెంకటరావమ్మక్కా నేనూ ఒక్క మాటైనా చెప్పుకోకుండానే వేరుపడ్డాం. గోడ చుట్టూ తిరిగెళ్తే ఇరవై అడుగులు. ముందు ఆవిడే రావాలని నేను కూర్చున్నాను, నేనే వెళ్లాలని ఆవిడ కూర్చుంది. ఆవిడ పోయాక వెళ్లాను. అప్పుడు మాట్లాడటానికి ఎవరున్నారు?"

ఆ మాట ఆమె ఎవరి దగ్గరా అన్నది కాదు. ఇన్నేళ్లూ తప్పంతా గోడ మీదికి నెట్టి బతికింది. నోటి నుంచి బయటికొచ్చాక గాని అందులో తన వాటా ఎంతో తెలియలేదు.

శ్రీదివ్య వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల కళ్లల్లోనూ నీళ్లు. "వద్దంటే మానేస్తాం అత్తయ్యా."

"నా కోసం వాణ్ని లారీల మధ్య తిప్పుతావా? వెళ్లండి. కానీ పాలు పొంగించేది నేను. నేను రాకుండా పొయ్యి వెలిగించారో, ఊరుకోను. అలిగినా, పోట్లాడుకున్నా ఫోన్ మాత్రం ఎత్తాలి, ఇద్దరూ."

"ఎత్తుతాం" అన్నాడు కోటేష్.

"ఎప్పుడనుకున్నారు?"

"ఈ గురువారం అమ్మా."

రాఘవమ్మ నెలో రెండు నెలలో ఉందనుకుంది. వేళ్లు మడిచి లెక్క చూసుకుంది.

"ఇంకా నాలుగు రోజులుందిగా" అని లేచి, కోడలి చెయ్యి పట్టుకుని గదిలోకి నడిచింది. "త్వరగా బిగించవే అమ్మాయ్. ఆ ఆటేదో నాకూ నేర్పుదువుగాని."