గరుకు ఆకు

కాఫీ కప్పులో పడలేదు. కప్పు పక్కన పడి, అక్కణ్ణుంచి బల్ల అంచు దాకా పారింది.

సున్నీవ చూసింది. చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ వారంలో అలా ఊరుకోవడం అది నాలుగోసారి.

"కప్పు ఎవరు జరిపారు?" అంది వెనెరా చిరాగ్గా.

ఎవరూ జరపలేదు. బల్ల దగ్గర ఉన్నది అత్తా కోడలూ, సున్నీవ కూతురు ఆరేళ్ళ అగాతా మాత్రమే. వెనెరా కొడుకు సారో తెల్లవారుజామునే మెస్సీనా రేవుకి, తన పడవ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అగాతా దగ్గు వంకతో బడి మానేసి, బ్రియోష్ రొట్టె నెత్తిమీది బుడిపె తుంచుకుని బాదంపాల మంచుతురుము గ్రనీతాలో ముంచుకు తింటోంది.

"దగ్గుతున్న పిల్లకి పొద్దున్నే మంచు తినిపిస్తున్నారా అత్తయ్యా?" అంది సున్నీవ, కాఫీ మాట ఎత్తే ధైర్యం లేక.

"మంచు దేశం నుంచి వచ్చినదానివి, మంచంటే నీకే భయం!" అని నవ్వింది వెనెరా. "మొదటిరోజు నువ్వేమన్నావో గుర్తుందా? మా ఊళ్ళో మంచుని పారతో ఎత్తిపోస్తాం, మీరు చెంచాతో తింటారా అన్నావు. అని, మూడు గిన్నెలు తిన్నావు."

అది నిజమే. తొమ్మిదేళ్ళ క్రితం నార్వే నుంచి ఆరు నెలల పని మీద వచ్చిన సున్నీవని ఎత్నా అగ్నిపర్వతం కింద ఉన్న ఈ నల్లరాతి పల్లెలో కట్టిపడేసింది సారో ఒక్కడే కాదు. ఆ గ్రనీతా, వేడివేడి రికోత్తా జున్ను, నారింజపండ్ల మీద నూనె, ఉప్పు చల్లుకు తినే వింత, ఎండలో నడిచి వచ్చాక నిమ్మరసం, ఉప్పు కలిపిన సోడా. "నాకు ఇష్టమైనవి" అని అప్పట్లో చెల్లెలికి రాసిన ఉత్తరం రెండు పేజీలు దాటింది. దాని చివర ఒకటే మాట: ఇవన్నీ వెనెరా చేతి నుంచి తినాలి.

ఆ చేతినే ఇప్పుడు నమ్మలేకపోతోంది. పైకి ఎవరితో అనగలదు?

మర్నాడు సెయింట్ జోసెఫ్ పండుగ. ఆ పూట ఊళ్ళో ప్రతి ఇంటా మాక్కు అనే చిక్కటి పప్పు ఉడకాలి. ఎండు చిక్కుడు గింజలు మెత్తగా మెదిగి, అందులో అడవి సోంపూ, బురానియా ఆకూ పడాలి. ఆ ఆకు కొనుక్కురావడం వెనెరాకి నామర్దా. చేలగట్ల వెంట తనే గిల్లుకు రావాలి. యాభై ఏళ్ళుగా తెస్తోంది.

అసలు భయం అక్కడుంది. బురానియా మొలిచే చోటే మాండ్రగోరా కూడా మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు రెండూ నేలకి అతుక్కుని, వెడల్పాటి ఆకులతో అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకటి కూర, ఇంకోటి విషం. పోయిన నెలలో కొండకి అవతలి ఊళ్ళో ఒక కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలయింది. అప్పట్నుంచీ సున్నీవకి నిద్ర సరిగ్గా లేదు. కప్పు కనపడని కళ్ళకి ఆకు కనపడుతుందా?

సారోతో చెప్పి చూసింది. "అమ్మని వంటింట్లోంచి లేపేస్తే ఇంకేం మిగులుతుంది దానికి? నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండు" అని తప్పించుకున్నాడు.

అందుకే ఆ పొద్దున, ఇంకా వెలుగు రాకముందే, సున్నీవ ఒక పని చేసింది. రబ్బరు తొడుగులు వేసుకుని, కత్తెర పట్టుకుని, గోడ వెనకాల నుంచి సంచీ నిండా ఆకు కోసుకొచ్చింది. బురానియా నూగు గుచ్చుకుంటే ఆమె చేతులు దద్దుర్లు తేలతాయి. ఆ తొడుగులు చూసినప్పుడల్లా వెనెరా ఎగతాళి చేస్తుంది, ఆకు కోస్తున్నావా, ఆపరేషన్ చేస్తున్నావా అని.

"అత్తయ్యా, మీరివాళ పొలానికి వెళ్ళక్కర్లేదు. పక్కింటి తూరీద్దా ఆకు పంపింది" అంది, కాఫీ తుడుస్తూ.

వెనెరా తల ఆమె వైపు తిప్పింది. "తూరీద్దా పంపిందా? మంచిది" అంది. తర్వాత తీరిగ్గా తలగుడ్డ కట్టుకుని, బుట్ట చంకన పెట్టుకుని, తన దారిన తాను పోయింది.

ముసలామె పంతానికి సున్నీవకి ఏడుపొచ్చింది. సరే, ఆ బుట్ట ఇంట్లోకి వచ్చాక చూద్దాం అనుకుంది. తను తెచ్చిన ఆకు కడిగి, ఉడకబెట్టి, గుడ్లు కొట్టిపోసి మధ్యాహ్నం అగాతాకి అట్టు వేసి పెట్టింది. నాన్నమ్మ ఏం తెచ్చినా పిల్ల నోట్లో పడకముందే కడుపు నింపేయాలన్న తాపత్రయం అది. తనకి మాత్రం ముద్ద దిగలేదు. మిగిలిన పచ్చి ఆకు చిల్లుల గిన్నెలోనే ఉంది.

వెనెరా రెండు గంటల వేళకి వచ్చింది. బుట్ట బల్లమీద పెట్టగానే సున్నీవ దాన్ని లాగేసుకుంది.

"ఇది పొయ్యి మీదికి వెళ్ళదు అత్తయ్యా."

"ఏం? దుమ్ము పట్టిందా?"

"మీకు కళ్ళు కనపడటంలేదు!"

అనేసింది. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. గదిలోంచి అగాతా కిసుక్కున నవ్వడం వినిపించింది.

"ఎవరన్నారు?" అంది వెనెరా నెమ్మదిగా.

"ఎవరనాలి? పొద్దున కాఫీ చెప్పింది. మొన్న చక్కెర బదులు మీరు వేసిన ఉప్పు చెప్పింది. మెట్టు తడుముకుంటూ దిగడం నేను చూడలేదనుకున్నారా? మీ పంతం కోసం నా పిల్లకి విషం పెట్టనివ్వను!"

"నీ పిల్ల!" వెనెరా కుర్చీ వీపు పట్టుకుంది. "నాకేమీ కాదన్నమాట. తూరీద్దా మూడు రోజులుగా సిరకూసాలో కూతురి దగ్గరుంది. ఆ సంగతి పొద్దున నీకు అబద్ధం ఆడేటప్పుడు గుర్తు రాలేదా అమ్మాయ్? నా చేతి ఆకు వద్దనుకుంటే మొహాన చెప్పొచ్చుగా!"

సున్నీవ నోరు తెరిచేలోగా అగాతా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, ఇంకో గ్లాసు."

"ఇప్పుడేగా నిమ్మసోడా తాగావు?"

"నాలుగు తాగాను. నోరు అంటుకుపోతోంది." పిల్ల మొహం ఎండలో ఆడొచ్చినట్టు ఎర్రగా కందిపోయి ఉంది. మళ్ళీ నవ్వింది. "ఆ పిల్లిని చూడు నాన్నమ్మా, గోడమీద నడుస్తోంది."

గోడమీద పిల్లి లేదు. సున్నం వేసిన గోడ తప్ప ఏమీ లేదు.

సున్నీవ పిల్ల గడ్డం పట్టి మొహం పైకెత్తింది. అగాతావి తల్లి కళ్ళు, లేత నీలం. ఆ నీలం ఇప్పుడు లేదు. నలుపు పెరిగి పెరిగి మొత్తం మింగేసి, అంచున సన్నటి గీతలా మిగిలింది.

"ఏం పెట్టారు? ఏం పెట్టారు దానికి?" అని అరిచింది అత్తమీద.

వెనెరా మోకాళ్ళమీద కూర్చుని, పిల్ల నుదురు తాకింది, మెడ తాకింది, నోట్లో వేలు పెట్టి నాలుక తాకింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎక్కడా చెమట చుక్క లేదు.

"నా చేత్తో ఇవాళ ఇది తిన్నది పొద్దుటి గ్రనీతా ఒక్కటే" అంది. "మధ్యాహ్నం ఏం తింది?"

"అట్టు... నేను... ఆ ఆకుతో..."

వెనెరా లేచింది. తడుముకోకుండా సరాసరి చిల్లుల గిన్నె దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్క ఆకే వేళ్ళ మధ్యకి తీసుకుంది. గరుకు, గరుకు, గరుకు. ఏడో ఆకు నున్నగా జారింది, వేళ్ళు ఆగిపోయాయి. బొటనవేలితో దాన్ని రుద్దింది, చిదిపి వాసన చూసింది.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్" అంది. "మాండ్రగోరా అని చెప్పు. ఆ మాటే చెప్పు, ఇంకో మాట వద్దు. ఈ ఆకులు సంచీలో వెయ్యి, డాక్టరుకి చూపించాలి. ఏడుపు తర్వాత."

అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ అగాతా లేని పిల్లితో మాట్లాడింది, తల్లిని చూసి ఎవరు నువ్వంది. పిల్ల నోట్లోంచి ఆ మాట వచ్చాక సున్నీవకి ప్రపంచంలో ఇంకేదీ వినపడలేదు. వెనెరా మాత్రం మనవరాలిని ఒళ్ళో అదిమి పట్టుకుని, "నేనే, నాన్నమ్మని, నేనే" అని చెబుతూనే ఉంది.

ఆసుపత్రిలో ఆకు చూడగానే డాక్టరమ్మ ఆలస్యం చేయలేదు. విషం పీల్చే బొగ్గునీళ్ళు తాగించారు, సెలైను పెట్టారు, గుండె కొట్టుకోవడం చూసే యంత్రం తగిలించారు. "ఏమిటో తెలియకుండా తెచ్చుంటే చాలా టైము పోయేది" అందామె. "ఇది ఎవరు కోశారు?"

సున్నీవ తల పక్కకి తిప్పుకుంది.

"నేనే" అంది వెనెరా. "నాకు చూపు లేదు. రెండేళ్ళయింది. పొరపాటు పడ్డాను."

అప్పుడే రేవు నుంచి పరుగెత్తుకొచ్చిన సారో ఆ మాట విన్నాడు. పడవ యూనిఫాంలోనే ఉన్నాడు, మొహం పాలిపోయి ఉంది.

"రెండేళ్ళా? రెండేళ్ళుగా దాచిపెట్టి నా కూతురికి వండి పెడుతున్నావా అమ్మా?" అన్నాడు. "ఇక పొయ్యి దగ్గరికి వెళ్ళావో, నేను మనిషిని కాను! పొలం లేదు, బుట్ట లేదు. కూర్చో. కుర్చీలో కూర్చో, అంతే!"

వెనెరా తల వంచుకుంది. రెండేళ్ళుగా ఆమె దేనికి భయపడుతోందో, సరిగ్గా ఆ మాటే కొడుకు నోట వచ్చింది. ఆ కుర్చీకి భయపడే కదా కాఫీని లెక్కతో పోసింది, మెట్లని కాళ్ళతో గుర్తుపెట్టుకుంది! అయినా కోడలి నేరాన్ని తన ఒళ్ళో పెట్టుకుని గమ్మున కూర్చుంది.

సున్నీవ చూస్తోంది. తను ఊరుకుంటే సరిపోతుంది. మొగుడి దృష్టిలో మంచి తల్లిగానే ఉండిపోవచ్చు. వంటిల్లు కూడా తనదే అవుతుంది.

"నేను కోశాను సారో" అంది. "పొద్దున చీకట్లో, తొడుగులు వేసుకుని, కత్తెరతో. మీ అమ్మ కోస్తే విషం వస్తుందని భయపడి నేనే విషం కోసుకొచ్చాను. మీ అమ్మ వేళ్ళతో పట్టుకుంది. ఆవిడ పట్టుకోకపోతే..." గోడకి జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

సారో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏం చేయాలో తెలియక తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"పిచ్చిదానా" అంది వెనెరా, ఏడుపు వినవస్తున్న వైపు చెయ్యి చాపి. "ఎందుకు చెప్పావు? నాకెలాగూ కుర్చీ తప్పదు. నీకు ఇంకా బోలెడు కాలం ఉంది ఆ ఇంట్లో."

"మీరెందుకు చెప్పలేదు అత్తయ్యా, చూపు పోయిందని?"

"నువ్వెందుకు అడగలేదు? అరవడానికి తప్ప నోరు తెరవలేదేం?" అంది వెనెరా. ఆమె చెయ్యి దొరకబుచ్చుకుని, "భయం వేసింది. నీకు వేసినట్టే" అంది.

మర్నాడు పొద్దున అగాతా కళ్ళలో నీలం తిరిగొచ్చింది. లేచీ లేవగానే గ్రనీతా కావాలని పేచీ పెట్టింది. ఆ పేచీ వింటుంటే సున్నీవకి చర్చి గంట విన్నట్టుంది.

పండుగ రోజు మధ్యాహ్నానికి ఇంటికి చేరారు. మాక్కు వండకపోతే ఏం పోయిందిలే అన్నాడు సారో. అత్తా కోడలూ ఒకేసారి వాడివైపు తిరిగారు. వాడు మారు మాట్లాడకుండా పిల్లని తీసుకుని బయటికెళ్ళాడు.

నిన్నటి బుట్ట బల్లమీద అలాగే ఉంది. వెనెరా తన కుర్చీ లాక్కుని పొయ్యి పక్కనే వేసుకుంది. సున్నీవ బుట్ట ముందు కూర్చుని, అలవాటుగా రబ్బరు తొడుగుల కోసం చెయ్యి చాపి, ఆగింది. వాటిని చెత్తబుట్టలో పడేసింది. కళ్ళు మూసుకుని ఒట్టి చేత్తో ఒక ఆకు తీసింది.

"రుద్దు" అంది వెనెరా. "బొటనవేలితో. ఏమంటోంది?"

"గుచ్చుకుంటోంది అత్తయ్యా."

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"అయితే మంచి ఆకే. కుండలో వెయ్యి."