హారతి నిలవని గది

నార్సింగిల సర్వీస్ రోడ్డు పక్కన ఒక అద్దాల బిల్డింగ్ ఉన్నది. దాని సెల్లార్ల చిన్న టెస్టింగ్ రూము... అండ్లకు ఒక్కరే పోవద్దంటరు. పోయిన నెల వంశీ అనే పిల్లగాడు ఒక్కడే లోపలికి పోయిండు. ఎవరో గొంతు పిసికినట్టయిందని అక్కడనే కుప్పకూలిండు. ఇగ అప్పట్నుంచి దానికి దెయ్యం రూము అని పేరు పడ్డది. దెయ్యమట, దెయ్యం! వింటేనే నాకు మండుతది.

జరిగింది నాకు మా రూమ్మేటు భానుశ్రీ చెప్పింది. అక్కడ ఇంజినీరు ఆమె.

వాళ్లు చేసేది నల్లటి బిళ్ళలు. పొడిని భట్టీల కరిగించి, రోజుల తరబడి మెల్లగ చల్లారనిస్తే అరచేయంత బిళ్ళ తయారైతది. దాన్ని ద్రవ నైట్రోజన్ల ముంచితే ఆ చలికి గమ్మత్తు జేస్తది — అయస్కాంతాన్ని ఏ ఆధారం లేకుండ పైన నిలబెడ్తది. తెల్లారితే అది చూడనీకి పెద్దోళ్లు వస్తున్నరు.

ఆ రాత్రి భానుశ్రీ తొట్టి నిండ నైట్రోజన్ పోసి బిళ్ళను చల్లబెడుతున్నది. తెల్లటి పొగ తొట్టి అంచు దాటి నేల మీద పాకుతున్నది... గప్పుడు దిగిండు ఓనరు విశ్వేశ్వరరావు. పళ్లెం, కర్పూరం, నిమ్మకాయలతోని.

హారతి వెలిగించి కింద పెట్టిండు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఊపుకు అది రెపరెపలాడింది.

"ఆ ఫ్యాను ఆపు. తలుపెయ్యి. హారతి కొండెక్కకూడదు."

"ఫ్యాను ఆపకూడదు సార్... ప్రమాదమండి..."

"నోర్ముయ్! నీ సైన్సు రేపు చూపిద్దువుగాని."

ఆపింది, తలుపేసింది. నౌకరీ కదా, ఏం జేస్తది!

మంట చిన్నగైంది... ఇంకా చిన్నగైంది... ఆరింది. మళ్లీ అగ్గిపుల్ల గీసి కిందికి దించిండు. అదీ ఆరింది.

భానుశ్రీ చెవులల్ల హోరు. కాళ్లు తేలిపోతున్నయి. తలుపు దిక్కు జరిగింది.

"కదలకు!" సార్ గుసగుసలాడిండు. "అది... ఇక్కడే ఉంది."

అని సాష్టాంగపడ్డడు. ముఖం నేలకానించి, చేతులు జోడించి...

లేవలేదు.

భక్తి అనుకున్నది ఈ పిచ్చిది. జోడించిన చేతులు మెల్లగ విడిపోయినయి.

"సార్...?"

నైట్రోజన్ పొగ మనం పీల్చే గాలిని నెట్టేస్తది. ఆ పొగంత కిందనే ఉన్నది — సార్ ముక్కు దాంట్లనే ఉన్నది! తెలిసిన సంగతే, గానీ గప్పటిదాంక బుర్ర పనిజెయ్యలే. ఊపిరి బిగబట్టి తలుపు బార్లా తెరిచింది, ఫ్యాను నొక్కింది, ఆ లావు మనిషిని కాళ్లు పట్టి బయటికి ఈడ్చింది. చెంపలు వాయించింది. గట్టిగనే వాయించిందట, నాకైతే మస్తు సంబురమైంది.

సార్ కళ్లు తెరిచిండు. పెదాలు నీలంగున్నయి. ఆమె చెయ్యి పట్టుకొని అన్నడట —

"చూశావా... నాకు గాలి సోకిందమ్మా!"

భానుశ్రీకి ఒళ్లు మండిపోయింది.

"సోకలేదు సార్. అందలేదు!"