ఇంటి పిల్లకు వేసిన పెద్ద సూది

అమూల్యను నేను మొదటిసారి చూసింది ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర. చూడగానే తగువు పెట్టుకున్నాను.

అది రెండు వేల ఏడు. గద్వాలలో ఆటో నడిపేవాణ్ణి. ఏడో తరగతితో బడి వదిలేసినా, లోకం అంతా నాకే తెలుసన్నట్టు తిరిగే వయసు. మా మేనత్త రంగమ్మకు హెర్నియా ఆపరేషన్ అంటే, బస్టాండు వెనక బాలకృష్ణ డాక్టరు నర్సింగ్ హోంలో చేర్పించాం. అక్కడ సూది మందు కూడా మనమే మెడికల్ షాపులో కొని, థియేటర్ తలుపు దగ్గర నర్సు చేతిలో పెట్టాలి. చీటీలో రాసింది అగ్గువ మందు. నేను వానలో తడుచుకుంటూ పోయి ఖరీదైనది తెచ్చాను.

"ఇదేంది?" అంది నర్సు, సీసాను అటూ ఇటూ తిప్పి.

"పెద్ద సూది. మీరు రాసిన దానికంటే మంచిది."

"మంచిదని ఎవరు చెప్పిండ్రు?"

"మెడికల్ షాపాయన."

"అట్లయితే ఆపరేషన్ గూడ ఆయనతోనే చేయించుకో, పో."

నాకు మండింది. "మేం బీదోళ్లమనే గదా చిన్న సూది రాసిండ్రు? పైసలున్నోళ్లకైతే గిట్లనే రాస్తరా?"

ఆమె గోడకేసి వేలు చూపించింది. అక్కడ ఒక చార్టు అంటించి ఉంది. హైదరాబాదులో ఏదో ట్రైనింగుకు పోయొచ్చి డాక్టరే స్వయంగా రాసి పెట్టాడట.

"ఏ ఆపరేషన్‌కు ఏ మందో సారే రాసిండు. కోతకు ముందే వెయ్యాలె. కోసినంక రోజుల తరబడి పొడుసుడు బంద్. అన్నిటికీ పెద్ద మందే వాడితే, రేపు నిజంగ అవసరమైన నాడు అది పనిచెయ్యదు. సమజైందా అన్నా?"

"సమజైంది. అన్నా అని మాత్రం అనకు."

మూతికి గుడ్డ కట్టుకుంది కాబట్టి కళ్లు మాత్రమే కనిపించాయి. ఆ కళ్లు నవ్వాయో తిట్టాయో తేల్చుకోలేక, మళ్లీ వానలోకి ఉరికి మందు మార్చుకొచ్చాను.

మా అత్త కుట్లు చుక్క చీము లేకుండా మానాయి. ఆ సంతోషంతో బుట్టెడు సీతాఫలాలు పట్టుకుపోయాను.

"ఇవి మీ చార్ట్‌ల ఉన్నయా మేడం?"

"ఇవి కోత లేకుంట తినేటివి. ఆడ పెట్టు" అంది. నేను పెట్టి కదలకుండా నిలబడితే, "బుట్ట గావాల్నా, ఇంకేమన్న గావాల్నా?" అంది.

"నీ నంబరు."

"పేషంట్ల తరఫోళ్లకు ఇయ్యం."

"మా అత్త డిశ్చార్జి అయింది గదా!"

ఈసారి కళ్లు నవ్వాయని గట్టిగా చెప్పగలను.

తర్వాత మాకు మిస్డ్ కాల్ కాలం నడిచింది. డ్యూటీ అయిపోగానే ఒక్క రింగిచ్చి కట్ చేసేది. సవారీ మధ్యలో ఉన్నా, పెద్దమనిషిని సగం దారిలో దింపేసి పోయేవాణ్ణి. "ఆటోకు చార్టు లేదు గాబట్టి బతికిపోయినవ్" అని వెక్కిరించేది. వాన పడితే ఆటో పరదా తనవైపు దించుకుని, నావైపు వదిలేసేది. "నువ్వు తడుస్తనే మంచిగుంటవ్" అనేది. జూరాల డ్యాం దాకా పోయి, గేట్లలోంచి దూకే నీళ్లను చూస్తూ వేడి వేడి చేపలు తినేవాళ్లం. ముళ్లు తీసి నాకు పెట్టేది. ఈ రోజుల్లో ప్రేమంటే ఏమిటో నాకు తెలియదు గానీ, అప్పట్లో నాకు అదే.

వాళ్లది తుంగభద్ర ఒడ్డున రాజోలి. తండ్రి లేడు. తల్లి ఎస్తేరమ్మ కూలికి పోతూ, పనుల్లేని ఏడు బొంబాయి దాకా వలసపోయి బిడ్డను నర్సు చదివించింది. పెళ్లి సంగతి మాట్లాడదామని ఒక ఆదివారం వాళ్లింటికి పోయాను. ఎస్తేరమ్మ నన్ను గడపలోనే నిలబెట్టింది.

"ఏం పని చేస్తవ్ నాయనా?"

"ఆటో నడుపుత."

"మీవోళ్లకు ఎరికేనా, మేమెవలమో?"

"నాకెరికె. నాకు ఫికర్ లేదు."

"నీకు లేకుంటె సరిపాయెనా? నా బిడ్డ మీ ఇంట్ల ఏ చెంబుతో నీళ్లు తాగాలె? నువ్వు సవారీకి పొయ్యినప్పుడు దాని దిక్కు ఎవలు మాట్లాడుతరు?"

నేను ఆటో తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పుకున్నాను.

"పిల్లనియ్య. నిన్ను అల్లుడని పిలిచేది నాతోని గాదు" అంది ఆమె. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తిరిగొస్తుంటే అమూల్య వెనక సీటులోంచి నా చెవి మెలిపెట్టింది. "మొగం అట్ల పెట్టకు. మా అమ్మ కోపమంత నాలిక మీదనే ఉంటది. నువ్వు మీ ఇంట్ల జెప్పు. ఆ చెంబు సంగతి తేల్చుకొని రా. అమ్మను నేను జూసుకుంట."

చెప్పాను. మా నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి రంగమ్మత్తే లేచి, "నా కుట్లు కడిగిన చేతులవి. ఆ పిల్ల తాగిన చెంబుతోనే నేనూ తాగుత. ఎవడేమంటడో చూస్త" అంది. ఆ మాట రాజోలికి మోసుకుపోదామని మళ్లీ ఆదివారం కోసం ఎదురు చూస్తున్నాను.

శుక్రవారం పొద్దున ఫోను కట్ కాకుండా మోగింది. ఎత్తితే అమూల్య.

"కడుపు నొస్తుంది. కుడి దిక్కు. జర తొందరగ రా."

ఆమె పని చేసే చోటికే తీసుకుపోయాను. అపెండిక్స్ అన్నారు. నర్సింగ్ హోం అంతా ఆమె మంచం చుట్టూ మూగింది. ఆయాలు కళ్లు తుడుచుకుంటున్నారు. డాక్టరు సొంత కూతురికి జరిగినట్టే కంగారు పడ్డాడు. తన రూములోని ఫ్రిజ్ తెరిచి, కంపెనీవాళ్లు కొత్తగా ఇచ్చిపోయిన ఖరీదైన ఇంజక్షన్ తనే తీసుకొచ్చాడు.

స్ట్రెచర్ మీంచే అమూల్య అంది, "సార్, చార్ట్‌ల ఉన్నదే వెయ్యుండ్రి. పేగుల క్రిములకు వేసే మెట్రో బాటిల్ గూడ ముందే పెట్టుండ్రి."

ఆయన ఆమె తల నిమిరాడు. "చార్టు పేషంట్లకమ్మా. నువ్వు మన ఇంటి పిల్లవు. నీకు అన్నిటికన్న పెద్దది వేస్త. ముందు కోత కానియ్, తర్వాత నిదానంగ వేద్దాం."

అంత పెద్ద డాక్టరు నా అమూల్యను ఇంటి పిల్ల అన్నాడని నేను పొంగిపోయాను. లోపలికి పోతూ ఆమె నాకేసి చూసి కన్ను కొట్టింది.

ఆ పెద్ద మందు పేగులో ఉండే క్రిముల మీద పనిచేసేది కాదని, కోతకు ముందే పడాల్సింది కోత తర్వాత పడిందని మాకు కర్నూలులో చెప్పారు. కానీ అప్పటికే కుట్లు ఎర్రబడి, చీము పట్టి, జ్వరం ఒళ్లంతా కాల్చేసింది.

కర్నూలుకు పోయే దారిలో ఆమె తల నా ఒళ్లో ఉంది. ఎస్తేరమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

"వాసనొస్తున్ననా?" అంది అమూల్య.

"సీతాఫలం వాసన."

"అబద్ధాలు నీకు చాతగావు" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది. "చెంబు సంగతి ఏమాయె?"

చెప్పాను. రంగమ్మత్త అన్నది అన్నట్టే చెప్పాను. అమూల్య తల్లికేసి చూసింది. ఎస్తేరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

కర్నూలులో మళ్లీ కడుపు తెరిచారు. ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు.

రాజోలిలో మట్టి ఇచ్చే రోజు డాక్టరు బాలకృష్ణ వచ్చాడు. దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేను ఆయన మీదికే పోయాను. కాలర్ పట్టుకుందామనే పోయాను.

"ఆ చార్టు నేనే రాసినయ్యా" అన్నాడు, నేనేమీ అడగకముందే. "బిడ్డ మీద ప్రేమతోనే నేను రాసింది నేనే పక్కకు పెట్టిన." ఆ మనిషి ఏడుస్తున్నాడు. ఎత్తిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్లాగే దించేశాను. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఎవరైనా నన్ను ప్రత్యేకంగా చూస్తామంటే ఇప్పటికీ భయమే.

వెనక్కి పోయి నా ఆటో పక్కన నిలబడ్డాను. నేను వాళ్లకు ఏమవుతానని ముందుకు పోవాలి?

పాస్టరు ఆశీర్వాదం ప్రార్థన ముగించి, "ఇంటోళ్లు ఒక్కొక్కరు వచ్చి మట్టి వెయ్యుండ్రి" అన్నాడు. అమూల్య చిన్నాన్న ఒకాయన వంగాడు.

"ఆగు మరిదీ" అంది ఎస్తేరమ్మ. "దాని పెనిమిటి అగో, ఆడ నిలబడ్డడు."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"రా అల్లుడా. ముందు నువ్వు వెయ్యి."

ఒకే ఒక్క మాట అడగడానికి నేను ఆ ఊరికి పోయాను. ఆ మాట ఎస్తేరమ్మ బిడ్డ గుంత పక్కన నిలబడి ఇచ్చింది.

పోయి పిడికెడు మట్టి తీశాను. నల్లరేగడి, తడిగా ఉంది. నా వేళ్లు విచ్చుకోలేదు. ఎస్తేరమ్మే వచ్చి, నా చేయి తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలూ నెమ్మదిగా విప్పింది.