ఉషా టీచర్ ఎడమ కాలు

ఆదివారం పొద్దున్నే దోసెల పిండి కలుపుతూ ఉషా మామూలు కబురులా చెప్పేసింది.

"అత్తా, మదనపల్లెలో జరిగే మన డాన్సు స్కూలు వార్షికోత్సవానికి ఈసారి నేనూ ఆడతాను."

రాములమ్మ నోటిదాకా వచ్చిన కాఫీ గ్లాసు ఆగిపోయింది. "నువ్వు ఆడేదేందిమే? టీచరువి. పక్కన కూసోని తాళం ఎయ్యి."

"ఇన్నేండ్లూ అదే గదా సేస్తాండాను."

"యాభై ఏండ్లొస్తాండాయి. ఇప్పుడు యాల ఉషా ఇదంతా?" అన్నాడు శేఖర్ పేపరు చాటునుంచి. అత్తాకోడళ్ల మాట పెరిగితే పేపరు ఇంకాస్త వెడల్పుగా విప్పడం ఆయనకు పెళ్లినాటి నుంచీ అలవాటు.

కుప్పంలో నేర్చుకున్న భరతనాట్యాన్ని పుంగనూరుకు తెచ్చి, వీధంతా బుగ్గలు నొక్కుకున్నా ఖాతరు చేయకుండా ముందు గదిలో డాన్సు స్కూలు పెట్టిన మనిషి రాములమ్మ. కోడలికీ తనే నేర్పింది. అరంగేట్రానికి చీర కూడా కొన్నారు. ఇంతలో రాములమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. స్కూలు మూతపడకూడదని ఉషాను పిల్లల ముందు నిలబెట్టారు. అరంగేట్రం సంగతి తర్వాత చూద్దామన్నారు. ఎంతమంది పిల్లలకో గజ్జెలు కట్టి వేదిక ఎక్కించిన ఉషా, తను మాత్రం ఒక్కనాడూ ఎక్కలేదు. ఆ బాధ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరూ అడగనూ లేదు.

"సరే, ఆడి సూపించు," అంది రాములమ్మ ముందు గదిలో కుర్చీ వేయించుకుని.

ఉషా కొంగు బిగించి నిలబడింది. అత్త తాళం మొదలుపెట్టగానే ఎడమ కాలు వేసింది.

"కుడి కాలు!"

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఎడమ కాలే పడింది.

"సూస్తివా? మొదటి అడుగే తప్పు! నీ దగ్గర నేర్సుకున్న పిల్లోళ్లే కింద కూసోని నవ్వుతారు. స్కూలు మర్యాద ఏం గావాల?"

ఉషా ముఖం ఎర్రబడింది.

"యాల తప్పుతాండానో నీకు తెలీదా అత్తా? పిల్లోళ్లకు ఎదురుగా నిలబడి నేను ఎడమ కాలేస్తేనే, నన్ను సూసి వాళ్లు కుడి కాలేస్తారు. వాళ్ల అడుగు సక్కంగా పడాలని నా అడుగు తిప్పేసుకుంటి. నువ్వూ అట్లే నేర్పినావు. కానీ నువ్వు స్టేజీ మీద ఆడినాక నేర్పినావు. నన్ను ఆడనీకుండానే నేర్పమంటివి. ఎన్నిసార్లు తప్పినా సరే, ఈసారి ఆడేది ఆడేదే!"

శేఖర్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. రాములమ్మ కోడలి పాదాలకేసి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తడి అద్దాలకు కాదు, కళ్లకు.

"శేఖరా, నన్ను లేపు."

"యాడికమ్మా?"

"లేపు అంటాండా గదా."

కొడుకు భుజం ఆసరాగా ఆమె కోడలికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఎడమ కాలు కొంచెం ఎత్తి, నేల మీద తట్టింది.

"నన్ను సూసి ఎయ్యి."

ఉషా కుడి కాలు టప్పుమని నేలను తాకింది. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. రెండోసారీ కుడి కాలే పడింది. రాములమ్మ నడుము పట్టుకుని మూలిగింది.

"సాలు అత్తా, కూసో. నొప్పి పుడతాది."

"నాకు నొప్పి పుట్టినప్పుడే గదమ్మా నీ ఆట ఆపింది," అంది రాములమ్మ. "ఈసారి ఆపను. ఎయ్యి."

ఉషా కుడి కాలు వేసింది.