ఆకుపచ్చ చీటీ మీద పేరు

ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు స్టేషన్లో రైలు కింద పడి చనిపోయిన మనిషి కోటు లోపలి జేబులో ఒక చీటీ దొరికింది. ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు. పైన ఒక ఇంగ్లిష్ మాట. దాని కింద ఒక పాత నవలలోని వాక్యం, నవల పేరు, అచ్చయిన సంవత్సరం, పేజీ నంబరు. మూలన ‘బాస్కోంబ్’ అని ఒక పేరు.

గూఢచారి శాఖ కమాండర్ లాసెల్స్ ఆ చీటీని బల్ల మీద తన మనిషి ట్రెమ్లెట్ వైపు జరిపాడు. అది 1958 మార్చి, లండన్.

“రన్,” చదివాడు ట్రెమ్లెట్. “గుర్రం కంచె దాకా పరిగెత్తిందట.”

“చచ్చినవాడు కొరియర్. వాడిని తోసేశారు. వేమత్ దగ్గరున్న నౌకాదళ స్థావరం నుంచి సోనార్ అంకెలు బయటికి పోతున్నాయి. మన సబ్‌మెరైన్ ఏ చప్పుడు ఎంత దూరంలో వినగలదో ఆ అంకెలు చెబుతాయి. అవి ఈ దారిలోనే పోతున్నాయని మా అనుమానం. చీటీ విన్‌చెస్టర్‌లో ఒక డిక్షనరీ ఆఫీసుది.”

“చేతిరాత ఎవరిది?”

“విన్నిఫ్రెడ్ ఓక్‌షాట్. వయసు యాభై ఎనిమిది. డిక్షనరీలో ఆర్ అక్షరం మాటల పని ఆవిడది. బాస్కోంబ్ అనేవాడు ఆ స్థావరంలోనే స్టోర్ గుమాస్తా.”

ఆఫీసులో తమ మనిషి ఒకరు ముందే ఉన్నారని కమాండర్ చెప్పాడు. పేరు వెరా కాల్డర్. ఆరేళ్లుగా అక్కడ టైపిస్టు. ఓక్‌షాట్ మీద మొదట అనుమానం చెప్పింది ఆమే. కలిసినప్పుడు గుర్తుగా ఆమె వాన పడేలా ఉందంటుంది. గొడుగు రైల్లో మర్చిపోయానని ట్రెమ్లెట్ అనాలి.

“నీ పేరు హాలిడే. అసిస్టెంట్ ఎడిటర్. ఓక్‌షాట్ ఇంట్లో పై గది అద్దెకుంది, అక్కడ దిగు.”

“డిక్షనరీల గురించి నాకేమీ తెలీదు సర్.”

“ఆవిడకి తెలుసు. నువ్వు ఆవిడ సంగతి తెలుసుకో, చాలు.”

కమాండర్ ఒక సిగరెట్ లైటర్ కూడా ఇచ్చాడు. మూత తీస్తే వెలిగేది, అడుగున నొక్కితే ఫొటో తీసేది. ట్రెమ్లెట్ సిగరెట్ మానేసి రెండేళ్లయింది. మళ్లీ మొదలుపెట్టాడు.

డిక్షనరీ ఆఫీసు కథీడ్రల్ వెనక వీధిలో నాలుగంతస్తుల ఇల్లు. దేశంలో వందలమంది పాఠకులు పుస్తకాలు చదివి, మాటలు ఏరి, చీటీల మీద రాసి ఆ ఇంటికి పంపేవారు. డబ్బేమీ ముట్టదు. వచ్చిన చీటీలు గోడల నిండా ఉన్న గూళ్లలోకి వెళ్లేవి. ఇంటికి రెండు నియమాలు. చీటీని మడవకూడదు. చీటీలు తీసినవాళ్లు వాటి స్థానంలో ఒక ఆకుపచ్చ చీటీ పెట్టాలి. దాని మీద పేరు, టైము, ఎన్ని తీశారు, ఎప్పుడు తిరిగి పెడతారు. చీఫ్ ఎడిటర్ కూడా పెడతాడు. ఊడ్చే ఆవిడ హీటరు కింద దొరికిన చీటీని పైకి తీసుకొచ్చేటప్పుడు నేల మీద ఆకుపచ్చ చీటీ పెట్టి వచ్చిందని చెప్పుకుని నవ్వుతారు. నవ్వినవాళ్లు కూడా రేపు అదే చేస్తారు.

మిస్ ఓక్‌షాట్ తొమ్మిదేళ్లుగా ఒక్క మాట మీదే పని చేస్తోంది. ‘రన్’. గూళ్లలో దానికి పద్దెనిమిది వేల చీటీలున్నాయి. మనిషి పరిగెత్తినా రన్నే, ముక్కు కారినా రన్నే. కొట్టు నడపడం, ఎన్నికల్లో నిలబడటం, ఉతికితే రంగు దిగడం, ఏరు పారడం, క్రికెట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి రావడం. ఆవిడ లెక్క మూడు వందల తొంభై నాలుగు అర్థాల దగ్గరుంది. రాత్రి భోజనంలో మటన్, ఉడికించిన బంగాళదుంపలు వడ్డిస్తూ ఆ రోజు దొరికిన అర్థం చెప్పేది. ట్రెమ్లెట్ తింటూ వినేవాడు. ఆవిడ పెద్ద ముక్క అతని ప్లేటులోనే వేసేది.

అసిస్టెంట్లు వారానికి ఇరవై చీటీలు రాయాలి. రెండో వారం ట్రెమ్లెట్‌కి పంతొమ్మిదే అయ్యాయి. ఇరవయ్యోది తానే కల్పించాడు. లేని కెప్టెన్ ఒకడు రాసిన, లేని సముద్రయానం పుస్తకం, 1794, పేజీ 61. రాసి మర్చిపోయాడు.

వెరాను కథీడ్రల్ వరండాలో కలిశాడు. విన్‌చెస్టర్ మొత్తానికి ఎర్ర కోటు ఆమెదొక్కటే. వాన సంగతి, గొడుగు సంగతి అయ్యాక ఆమె అతని లైటరుతోనే సిగరెట్ వెలిగించుకుంది. ఓక్‌షాట్ వేమత్‌కి రాసే ఉత్తరాలు చూడమంది. “ముసలావిడ మంచిదిలా కనిపిస్తుంది. అదే చిక్కు. మంచివాళ్లని ఎవరూ సోదా చేయరు.”

అతను చేశాడు. ఆవిడ చర్చికి వెళ్లిన ఆదివారం సొరుగు తాళం తీశాడు. పోస్టు చేయని కార్డులు మూడున్నాయి. మూడూ బాస్కోంబ్‌కే. ‘అయ్యా, మీరు 417 అన్నారు. నాకు 183 దొరికింది. దయచేసి జాగ్రత్తగా ఉండండి.’ ఇంకో కార్డులో ఇంకో రెండు అంకెలు. పక్కనే రిబ్బను కట్టిన పాత ఉత్తరాల కట్ట ఉంది. యుద్ధంలో పోయిన ఒక పైలట్ రాసినవి. విప్పనక్కర్లేదు. ట్రెమ్లెట్ విప్పాడు, అన్నీ చదివాడు. ఫొటోలు మాత్రం కార్డులవి తీశాడు.

ఇంకేం కావాలన్నాడు కమాండర్.

ఏప్రిల్ చివరి శుక్రవారం పదకొండు గంటలకు ఇద్దరు పోలీసులు ఆఫీసుకొచ్చారు. ఇరవైమంది పని ఆపి చూశారు. వేలు చూపించవలసిన పని ట్రెమ్లెట్‌ది. చూపించాడు. ఆవిడ కోటు తొడుక్కుంది, పెన్ను మూత పెట్టింది. అతను ఎవరని అడగలేదు. ఒక్క మాట అంది.

“ఇవాళ్టి టపా నేనింకా సరిచూడలేదు. ఎవరూ ముట్టకుండా చూస్తావా, నాయనా?”

చూస్తానన్నాడు. పన్నెండింటికి టపా వచ్చింది. వెరా తాను చూసుకుంటానంటే ఆమెకిచ్చి భోజనానికి వెళ్లాడు.

రెండున్నరకు వచ్చి ఆవిడ బల్ల సర్దుతుంటే ఒక నోటుబుక్కు దొరికింది. ప్రతి పేజీలో రెండు వరసలు. ఎడమ వరస మీద ‘పాఠకుడు రాసింది’, కుడి వరస మీద ‘పుస్తకంలో ఉన్నది’. ఏడాదిగా బాస్కోంబ్ పంపిన నూట నలభై చీటీలు. రహస్యమంతా ఇదేననుకున్నాడు. అబద్ధమని రుజువు చేయడానికి అల్మరాలోంచి ఒక నవల తీశాడు. కుడి వరసలో 183. వాక్యం 183లోనే ఉంది. రెండో పుస్తకం తీశాడు. అదీ సరిపోయింది. ఆరు పుస్తకాలు తీశాక కూర్చున్నాడు.

తప్పు చీటీ ఆ ఇంట్లో నిలవదు. మిస్ ఓక్‌షాట్ సరైన పేజీ వెతికి, చీటీని తన చేత్తో తిరగరాసి, పాతది స్టవ్‌లో వేసేది. మూలన పాఠకుడి పేరు మాత్రం ఉంచేది. కష్టం అతనిది కదా అని. పద్దెనిమిది వేల చీటీల్లో ఏదీ ఎవరూ చూడరన్న ధైర్యంతో, పేజీ నంబర్లుగా సోనార్ అంకెలు పంపడానికి ముఠా ఆ మాటను ఎంచుకుంది. చూసే మనిషి ఒకరున్నారు. గూళ్లలోంచి ముఠా ఎత్తుకుపోయింది ఆవిడ దిద్దిన పేజీలనే.

ట్రెమ్లెట్ స్థావరానికి ఫోన్ చేసి ఎడమ వరసలోంచి నాలుగు అంకెలు చదివాడు. అవతల ఆఫీసరు ఆ అంకెలు మీకెలా తెలుసని అడిగాడు. అవి పాతవే, కొత్త పరికరం అంకెలు పోయిన వారమే ఖాయమయ్యాయి, ఏడే ఏడు అన్నాడు.

ట్రెమ్లెట్ టపా బల్ల దగ్గరికి పరిగెత్తాడు. వేమత్ ముద్రతో ఒక కవరు ఉంది. లోపల చీటీల్లేవు. వాటి స్థానంలో ఒక ఆకుపచ్చ చీటీ ఉంది. వి. కాల్డర్. 2.10. ఏడు. సోమవారం.

దేశరహస్యం దొంగిలిస్తూ కూడా ఆమె ఆకుపచ్చ చీటీ పెట్టి వెళ్లింది. ఆరేళ్ల అలవాటు.

కొరియర్ చచ్చిన లె హావ్ర్‌కి పడవ సౌతాంప్టన్ నుంచి ఐదున్నరకు. ట్రెమ్లెట్ ముందే ఫోన్ చేసి ఆమెను ఆపించి, ఐదింటికి రేవు చేరాడు. కస్టమ్స్ గదిలో ఎర్ర కోటు కుర్చీ మీదుంది. వెరా కాళ్లు ఊపుతూ కూర్చుంది. సూట్‌కేసు లైనింగు కోసి చూశారు. చెప్పుల మడమలు విప్పారు. పౌడరు డబ్బా కుమ్మరించారు. ఏమీ లేదు.

“వాన పడేలా ఉంది,” అంది వెరా. “పడవ తప్పితే టికెట్ డబ్బు నువ్విస్తావా, హాలిడే?”

చీటీలు దొరకకపోతే ఆపే అధికారం లేదని కస్టమ్స్ ఆఫీసరు గడియారం చూపించాడు. ఐదూ ఎనిమిది.

ఆ ఇంటి చీటీల సంగతి తెలిసిన మనిషి రెండు వీధుల అవతల, పొద్దున్న పోలీసులు తెచ్చి ఉంచిన సౌతాంప్టన్ లాకప్‌లో ఉంది. అక్కడికి వెళ్లడం కన్నా పడవను వదిలేయడం తేలికనిపించింది ట్రెమ్లెట్‌కి. ఆ ఆలోచన రెండు నిమిషాలు తినేసింది. తర్వాత వెళ్లాడు.

ఆవిడ బెంచీ మీద కోటుతోనే కూర్చుని ఉంది. అతను నిలబడి జరిగింది చెప్పాడు. క్షమించమనే దగ్గర ఆవిడ చెయ్యెత్తింది.

“తర్వాత. టపా ఎవరికిచ్చావు?”

“వెరాకి.”

“చేతులు కట్టేసినా ఆ పిల్ల చీటీ మడవదు. ఆరేళ్లు నేనే నేర్పాను. లైనింగుల్లో, మడమల్లో వెతక్కు. మడవకుండా పట్టేది ఏముందో చూడు. పెట్టెలో ఫొటో ఫ్రేములేమైనా ఉన్నాయా?”

ఉంది. వెరా వాళ్లమ్మ ఫొటో. సోదా చేసినవాడు దాన్ని మర్యాదగా పక్కన పెట్టాడు.

ట్రెమ్లెట్ వెనుదిరుగుతుంటే ఆవిడ పిలిచింది. “గూఢచారిని వెనకుండి నడిపించడాన్ని కూడా రన్ అంటారట. ఇక్కడి కానిస్టేబుల్ అన్నాడు. అచ్చులో ఎక్కడైనా చూశావా?”

చూడలేదన్నాడు. ఆరు వారాలు వెనకనుంచి తనను అలాగే నడిపిస్తుంటే అతను ఆవిడ బల్ల దగ్గరే కూర్చున్నాడు.

రేవుకి తిరిగొచ్చేసరికి పడవ మొదటి కూత వేసింది. వెరా మెట్ల మీద ఒక కాలు పెట్టింది. ట్రెమ్లెట్ పెట్టె లాక్కుని ఫ్రేము వెనక అట్ట ఊడదీశాడు. ఏడు చీటీలు, ఒక్క మడత లేకుండా. రెండో కూతకి మెట్లు లేపేశారు.

“సోమవారం తిరిగి పెడతానని రాశానుగా,” అంది వెరా.

కారులో ఆమే మాట్లాడింది. అవతలివాళ్లు ఓక్‌షాట్ దిద్దిన అంకెలతో ఒక యంత్రం కట్టారట. నీళ్లలో దించితే తమ సబ్‌మెరైన్ చప్పుడే తమకు వినబడలేదట. తర్వాత బాస్కోంబ్‌కి అందిన కార్డులు చూసి కారణం కనిపెట్టారు. ఆవిడ రాసిన చీటీ ఒకటి కొరియర్ జేబులో పెట్టి వాడిని రైలు కిందికి తోసింది అందుకే.

“కొత్త అంకెలొచ్చే రోజున ఆవిడ బల్ల దగ్గర ఉండకూడదు. అక్కణ్ణుంచి తప్పించడానికి మాకొక మనిషి కావాలి. మీ కమాండర్ నిన్ను పంపాడు. బాగా చేశావు కూడా.”

కమాండర్ కూడా ఫోన్లో అదే మాటన్నాడు. బాస్కోంబ్ దొరికాడు, అంతా శుభం, బాగా చేశావు. మిస్ ఓక్‌షాట్‌కి శాఖ తరఫున క్షమాపణ రాయాలని ట్రెమ్లెట్ అడిగాడు. “క్షమాపణ చెబితే మనం ఉన్నామని ఒప్పుకున్నట్టు,” అని కమాండర్ ఫోన్ పెట్టేశాడు. ఆవిడనెందుకు తీసుకెళ్లారో, ఎందుకు వదిలారో ఆఫీసులో ఎవరికీ చెప్పకూడదు.

సోమవారం ఆవిడ మామూలు టైముకే వచ్చింది. ఇరవైమందీ తలలు వంచుకుని పని చేశారు. టీ తెచ్చిన మనిషి ఆవిడ బల్ల దాటి వెళ్లిపోయాడు. ట్రెమ్లెట్ తన కప్పు తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాడు. ఏడు చీటీలూ నౌకాదళం వాళ్లు ఉంచేసుకున్నారని చెప్పాడు. పైలట్ ఉత్తరాలు చదివానని కూడా చెప్పాడు. అది ఎవరూ అడగలేదు.

ఆవిడ టీ తాగలేదు. సొరుగులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. కెప్టెన్, సముద్రయానం, 1794, పేజీ 61.

“ఈ పుస్తకం మన లైబ్రరీలో లేదు. పెద్ద లైబ్రరీలో ఉంటుందేమోనని మూడు శనివారాలు లండన్ వెళ్లాను.”

ట్రెమ్లెట్ చీటీ మీద తన చేతిరాతే చూశాడు.

“నన్ను పట్టించడం నీ ఉద్యోగం. దానికి నేనేమీ అనను. ఉత్తరాలు చదవడం కూడా ఉద్యోగమే అనుకుంటాను. ఇది ఉద్యోగం కాదు కదా, నాయనా.”

“చీఫ్ ఎడిటర్‌కి చెప్పారా?”

“చెబితే నిన్ను తీసేస్తారని చెప్పలేదు. కొత్తవాడు, దారిలో పడతాడనుకున్నాను.” ఆవిడ చీటీని అతని వైపు జరిపింది. “తప్పు చీటీల్ని నేనే స్టవ్‌లో వేస్తాను. దీన్ని మాత్రం నువ్వే తీసుకెళ్లు.”

అతను చీటీ అందుకున్నాడు. మడవలేదు. ఆవిడ ఆకుపచ్చ చీటీల కట్ట ముందుకు తోసి ఎదురుచూసింది. ఎన్ని, ఒకటి. టైము, పదీ నలభై. తిరిగి పెట్టేది ఎప్పుడు అన్నచోట పెట్టను అని రాశాడు. పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆరు వారాల్లో మొదటిసారి తన సొంత పేరు రాశాడు.

మిస్ ఓక్‌షాట్ కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

“ట్రెమ్లెట్,” అంది. “దీన్ని కూడా సరిచూసుకోవాలా?”