తొమ్మిది అడుగులు మిగిలిన పటం

ఏలూరులో ఆ పాత ఆసుపత్రి వెనక వరండాకి మంచి పేరు లేదు. దీపాలు పెట్టాక పదమూడో గది దాటి ఏ నర్సూ ఒంటరిగా వెళ్లేది కాదు. ఎప్పుడో కొల్లేటి లంక నుంచి పడవలో తెచ్చిన పురిటి మనిషి దాహం, దాహం అంటూ అక్కడే పోయిందట... ఆ గొంతు గోడలోంచి ఇంకా వినిపిస్తుందట.

ఇది రెండువేల ఎనిమిదిలో జరిగిందని చెబుతారు.

ఆసుపత్రి వెబ్‌సైటులో లోపలి గదుల పటం పెట్టాలనుకున్నారు. గది మీద నొక్కితే దాని పేరు, డాక్టరుగారి వేళలు కనపడాలి. ఆ పని వెబ్‌సైట్లు తయారుచేసే మెర్సీకి అప్పగించారు. ఏ గది ఏమిటో చెప్పడానికి, అక్కడే ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన హన్నమ్మను పిలిచారు.

హన్నమ్మకి ప్రాణం లేచొచ్చింది. పొయ్యి మీద పాలు రెండుసార్లు మరిచిపోయిందని కోడలు బ్లెస్సీ ఆవిడను వంటింట్లోకి రానివ్వడం మానేసింది. మతి పోతోందని ఇంట్లో గుసగుసలు. ఈ ఒక్క పటం తప్పు లేకుండా చెప్పగలిగితే చాలు...

"పదమూడుకీ పద్నాలుక్కీ మధ్య ఇంకో గది ఉందమ్మా," అంది మొదటి రోజే.

వాచ్‌మన్ ఏలీయా నవ్వాడు. "నేనొచ్చి ఇరవై ఏళ్లయిందండీ నర్సమ్మగారూ. అక్కడ గోడే. తాళంచెవి మీ దగ్గరుందేమో చూసుకోండి."

హన్నమ్మ మొహం చిన్నబోయింది.

మెర్సీ మూడు దారులు చూసింది. ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే బొమ్మ బాగా కదులుతుంది, కానీ ఒక్క గది పేరు మార్చాలన్నా ఫైలంతా మళ్లీ తయారు చేయాలి. పాత పటాన్నే స్కాన్ చేసి, నొక్కే చోట్లు గుర్తు పెట్టడం తేలిక — కానీ అందులోని తప్పులన్నీ అలాగే ఉండిపోతాయి. చివరికి అంకెలతో గీతలు గీసే ఎస్‌వీజీ పద్ధతి ఎంచుకుంది. అందులో ప్రతి గదినీ కొలతలిచ్చి గీయాలి.

కొలవాలంటే గదులు ఖాళీ అవ్వాలి. రాత్రి ఎనిమిది దాటాక ఏలీయాతో కలిసి ముగ్గురూ టేపు పట్టారు. గదులు కొలిచారు. బయట వరండా పొడవూ కొలిచారు. మెర్సీ లాప్‌టాప్‌లో అంకెలు కొట్టింది.

పదమూడుకీ పద్నాలుక్కీ మధ్య తెరమీద తెల్లటి సందు...

"గోడ మందం కలిపావా?" అంది హన్నమ్మ.

"కలిపానండీ. ఇంకా తొమ్మిది అడుగులు మిగులుతున్నాయి."



ఏలీయా గోడ మీద వేలితో కొట్టుకుంటూ వెళ్లాడు. టక్... టక్... ఉన్నట్టుండి డొల్ల చప్పుడు. అది గోడ కాదు. సున్నం కొట్టిన చెక్క పలక.

"పొద్దున్న చూద్దామండీ," అన్నాడు మెల్లగా.

"ఇప్పుడే తియ్యి. పొద్దున్నకి నేను కలగన్నానంటారు."

ఏలీయా తెచ్చిన గునపం మొనకి పలక కిర్రుమంటూ ఊడింది. టార్చి వేశారు.

గది! ఇటుకలు పేర్చి మూసేసిన కిటికీ. నేల మీద వేలెడు దుమ్ము — ఒక్క అడుగుజాడ లేదు. మధ్యలో ఇనప మంచం.

హన్నమ్మ కళ్లు చెమర్చాయి. "చెప్పానా... నా మతి బాగానే ఉంది."

"బాగానే ఉందండీ," మెర్సీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పటంలో ఏం పేరు రాయమంటారు?"

హన్నమ్మ మంచం వైపే చూస్తోంది.

మంచం మీద తెల్ల దుప్పటి. దుమ్ము నలుసైనా లేదు. అప్పుడే ఆరేసి తెచ్చినట్టు గంజి వాసన. నాలుగు మూలలూ ముక్కోణంగా మడిచి, పరుపు కిందికి బిగించి దోపి ఉన్నాయి.

"ఇవాళే పరిచినట్టుందండీ..." అంటూ ఏలీయా ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆ మడత నాదే," అంది హన్నమ్మ గుసగుసగా. "ఎడమచేతి వాటంగా అలా దోపేది నేనొక్కదాన్నే..."

ఆవిడ మెర్సీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడు పరిచానో గుర్తు రావడం లేదమ్మా."